ఇంటిలో ఇమిడిన రైలుదారి

ఉద్దేశం

చూచిన వస్తువును నిశితంగా పరిశీలించి, కొలిచి, దాని స్వరూపస్వభావాలకు భంగం కలుగకుండా చిన్నదిగా మలచడం ఒక విద్య. నమూనా రైలుమార్గ నిర్మాణం అట్టి విద్యలలో ఒకటి. స్వస్థలాన్ని శ్రద్ధతో తెలుసుకొనడానికి ఈ విద్య ఎట్లా తోడ్పడుతుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పెద్దదానిని చిన్నదిగా చేసి చూచుకొనడం మన తెలుగువారికి కొత్త కాదు. బొమ్మల కొలువులో మెట్లపై దేవతామూర్తులను నిలిపి, కింద ఒక చిన్న పల్లెను తీర్చడం అనేక గృహాలలో ఆచారం. అద్దం ముక్క చెరువవుతుంది. మొలకెత్తిన ఆవాలు పచ్చని చేలవుతాయి. అయితే ఆ పల్లె ఏ ఊరి పల్లె అని ఎవరూ అడుగరు. అది ఊహలోని పల్లె. ఒక నిజమైన ఊరిని, ఒక నిజమైన దారిని ఉన్నది ఉన్నట్లు చిన్నదిగా చేయవలెనంటే ఊహ మాత్రమే చాలదు, కొలత కావాలి.

కొలత విలువను తెలిపే గొప్ప నిదర్శనం గద్వాలకు దగ్గరలోని అలంపురంలోనే ఉన్నది. కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉండిన కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే స్థితి ఏర్పడినప్పుడు, ఆ ఆలయాన్ని విప్పి అలంపురానికి తరలించి పునర్నిర్మాణం చేశారు. ఏ రాయి ఏ వరుసలోనిదో, దేని పక్కన ఏది నిలువవలెనో తెలియనిదే ఆ పని సాధ్యం కాదు. కొలిచినది నిలిచింది. నమూనా రైలుమార్గాన్ని నిర్మించే వ్యక్తి చేసేదీ, చిన్న ప్రమాణంలో, ఇట్టి పనియే.

ఈ విద్య పాశ్చాత్య దేశాలలో ఆటవస్తువుగా ప్రారంభమయింది. జర్మనీకి చెందిన మెర్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో నిర్ణీతమైన గేజ్‌లతో బొమ్మరైళ్ళను ప్రదర్శించింది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీలు తిప్పితే నడిచే రైళ్ళను విపణిలోకి తెచ్చాడు. క్రమంగా పెద్దలు కూడా దీనిపై ఆసక్తి పెంచుకొన్నారు. ఊరూ పేరూ లేని వలయంలో బొమ్మరైలును తిప్పడం వారికి తృప్తినీయలేదు. ఒక నిర్దిష్టమైన స్థలాన్ని, ఒక నిర్దిష్టమైన కాలాన్ని ఎన్నుకొని, దానినే నమూనాగా నిర్మించే పద్ధతి అట్లా వృద్ధి పొందింది. మన దేశంలో పుణె నగరాన 1998లో ప్రారంభమైన జోషీ సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాల ఈ విద్యకు ప్రసిద్ధి తెచ్చింది.

మూలాన్ని ఎన్నుకొనుట

నమూనాకు ఆధారమైన అసలు వస్తువును మూలం అంటారు. గద్వాల, వనపర్తి ప్రాంతాల విద్యార్థికి మూలం కోసం దూరం పోనక్కరలేదు. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా వచ్చే రైలుమార్గం వనపర్తి రోడ్ స్టేషన్‌ను దాటి, కృష్ణానదిపై వంతెనను గడచి గద్వాలను చేరుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ భూమికి నడిగడ్డ అని పేరు. మార్గం ఆపైన దక్షిణంగా సాగి, తుంగభద్రను దాటి కర్నూలుకు పోతుంది. రెండు నదులు, ఎర్రని చల్క నేలలు, నల్లరేగడి భూములు, విత్తన పత్తి చేలు, గుండ్రని బండరాళ్ళు – ఇంతటి వైవిధ్యం కొద్ది దూరంలోనే లభించడం నమూనాకారుని అదృష్టం.

స్థలం తరువాత నిర్ణయించవలసినది కాలం. నిజాం రాజ్యకాలంలో ఈ మార్గం మీటర్ గేజ్‌గా ఏర్పడింది. పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. 1990లలో దానిని బ్రాడ్ గేజ్‌గా మార్చారు. అప్పుడు ఆ దూరం 1676 మిల్లీమీటర్లయింది. 2013లో గద్వాల నుంచి రాయచూరుకు రైళ్ళు నడవడం ప్రారంభమై గద్వాల జంక్షన్ అయింది. కనుక మీటర్ గేజ్ ఆవిరి యంత్రం పక్కన రాయచూరు రైలును నిలిపితే అది కాలదోషం అవుతుంది. కావ్యంలో అనౌచిత్యం రసభంగాన్ని కలిగించినట్లే, నమూనాలో కాలదోషం నమ్మకాన్ని చెరుస్తుంది.

కొలుచుట

రైల్వే చట్టం, 1989 ప్రకారం అనుమతి లేకుండా పట్టాలపైకి పోవడం నేరం. అది ప్రాణాపాయం కూడా. కాబట్టి కొలతలన్నీ ప్లాట్‌ఫారం మీద నిలిచి సేకరించవలసినవే. ఇందుకు ఒక సులభమైన ఉపాయం ఉన్నది. మన ప్రధాన మార్గాలలో కిలోమీటరుకు 1660 స్లీపర్లు పరచడం సాధారణం. అనగా ఒక స్లీపరు నుంచి మరొక స్లీపరుకు దూరం దాదాపు 60 సెంటీమీటర్లు. ఒక భవనం ఎదుట ఎన్ని స్లీపర్లున్నవో లెక్కించి 60తో గుణిస్తే ఆ భవనం పొడవు సెంటీమీటర్లలో తెలుస్తుంది. తలుపు ఎత్తును ఆధారంగా చేసుకొని గోడ ఎత్తును, కప్పు ఎత్తును అంచనా వేయవచ్చు. ఇట్లా నెల రోజులు పరిశీలించిన విద్యార్థి, అంతకుముందు ఏండ్ల తరబడి చూచిన స్టేషన్‌నే మొదటిసారి చూచినట్లు భావిస్తాడు.

నిష్పత్తి, గేజ్

నమూనా రైళ్ళలో ఎక్కువ ప్రచారం పొందిన నిష్పత్తి 1:87. దీనిని హెచ్.ఓ. స్కేలు అంటారు. అసలులో 87 మీటర్లు నమూనాలో ఒక మీటరవుతుంది. 21.3 మీటర్ల రైలుపెట్టె 24.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అయినప్పటికీ 24 పెట్టెల రైలును నిలుపవలెనంటే దాదాపు 5.9 మీటర్ల ప్లాట్‌ఫారం కావాలి. ఒక కిలోమీటరు దారికి 11.5 మీటర్ల చోటు కావాలి. సామాన్య గృహంలో ఇది అసాధ్యం.

అందువల్ల కుదింపు తప్పదు. అయితే దేనిని కుదించాలి? సంఖ్యను తగ్గించవచ్చును గాని రూపాన్ని మార్చరాదు. కృష్ణా వంతెనలో ఎన్ని కమానములున్నా, నమూనాలో ఐదారింటిని మాత్రమే చూపవచ్చు. ఆ ఐదారు మాత్రం అసలు కొలతలకు సరిగా ఉండాలి. 24 పెట్టెలకు బదులు నాలుగు పెట్టెల రైలు నడుపవచ్చు. పెట్టెను మాత్రం పొట్టిగా చేయరాదు.

ఇందులో ఒక విచిత్రం గమనింపదగినది. హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దీనిని 87తో గుణిస్తే 1435 మిల్లీమీటర్లు. అది ఐరోపా ప్రమాణం. మన బ్రాడ్ గేజ్‌కు ఇది 241 మిల్లీమీటర్లు తక్కువ. కాబట్టి ఆ పట్టాలపై నిలిపిన మన రైలు ఇరుకుదారిలో నిలిచినట్లు కనబడుతుంది. 12 మిల్లీమీటర్ల పట్టాలను వాడితే 1044 మిల్లీమీటర్లకు సరిపోతుంది. మీటర్ గేజ్‌కు తేడా 44 మిల్లీమీటర్లే. అనగా, నేడు కంటికి కనబడే దారికంటె, కనుమరుగైన పాత దారినే ఈ స్కేలులో ఎక్కువ యథార్థంగా చూపవచ్చును. పాత స్టేషన్‌లో రైలెక్కిన తాతలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వారిని అడిగి, పాత ఛాయాచిత్రాలను సేకరించి పని ప్రారంభించడానికి ఇదే తగిన సమయం. కొలవవలసిన వస్తువు పోయిన తరువాత జ్ఞాపకమే కొలబద్ద. ఆ జ్ఞాపకానికి కూడా ఆయువు పరిమితం.

నిర్మించుట

గోడ వెంట 45 సెంటీమీటర్ల వెడల్పు గల ప్లైవుడ్ అరను ‘ఎల్’ ఆకారంలో అమర్చుకొంటే చిన్న గదిలోనే పని జరుగుతుంది. ఒక కొనలో వనపర్తి రోడ్, మలుపులో కృష్ణ, రెండవ కొనలో గద్వాల. యంత్రాలకు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు చాలు. పట్టాలలో ధన, రుణ ధ్రువాలను తారుమారు చేస్తే రైలు వెనుకకు నడుస్తుంది. ఇంటి 230 వోల్టుల విద్యుత్తును నేరుగా పట్టాలకు ఎన్నడూ కలుపరాదు. ప్రమాణీకృతమైన అడాప్టర్‌నే ఉపయోగించాలి.

భూమిని తీర్చడానికి చేనిలోని మట్టియే శ్రేష్ఠం. దానిని ఎండబెట్టి, సన్నని జల్లెడ పట్టి, జిగురుపై చల్లాలి. అయితే ముందుగా ఆ మట్టిలో అయస్కాంతాన్ని తిప్పి ఇనుపరజనును తీసివేయడం అత్యవసరం. లేనిచో ఆ రజను యంత్రంలోని మోటారును అంటుకొని దానిని పాడుచేస్తుంది. రంగు అద్దిన రంపపు పొట్టు గడ్డి అవుతుంది. ఎండిన తులసి కొమ్మలు తుమ్మచెట్లవుతాయి. పచ్చని పొదపై పసుపు చుక్కలు పెడితే తంగేడు పూస్తుంది.

నడుపుట

నిర్మాణం పూర్తయినంత మాత్రాన నమూనా సజీవం కాదు. అమెరికాకు చెందిన ఫ్రాంక్ ఎలిసన్ నమూనా రైలుమార్గాన్ని రంగస్థలంతో, రైళ్ళను పాత్రధారులతో పోల్చి, నడుపుటలోనే దీని ప్రాణమున్నదని ప్రతిపాదించాడు. పాత్రలకు ప్రవేశ నిష్క్రమణలున్నట్లే రైళ్ళకు రాకపోకల పట్టిక ఉండాలి. పది నిమిషాలను ఒక గంటగా లెక్కించే గడియారాన్ని పెట్టుకొంటే నాలుగు గంటలలో ఒక రోజు గడుస్తుంది.

ఒంటిదారిపై ఎదురెదురుగా రెండు రైళ్ళు రాకుండా కాపాడడం రైల్వేల ప్రథమ ధర్మం. ఇందుకు భారతీయ రైల్వేలు నీల్స్ బాల్ టోకెన్ యంత్రాలను వాడాయి. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, వాటిలో లోహపు గోళాలు. ఒక గోళం బయటికి వచ్చినదంటే, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో చేరేవరకు మరొకటి బయటికి రాదు. ఆ గోళం చేతికందనిదే డ్రైవరు రైలును ఆ విభాగంలోకి నడుపరాదు.

ఇంటిలో దీనిని ఒక గోళీతో ఆచరించవచ్చును. అన్న గద్వాల స్టేషన్ మాస్టర్, చెల్లెలు వనపర్తి రోడ్ స్టేషన్ మాస్టర్. గోళీ ఎవరి రైలు వద్ద ఉన్నదో ఆ రైలే వంతెన దాటాలి. రెండవ రైలు లూప్ లైనులో వేచి ఉండాలి. ఎంత తొందరగా ఉన్నా గోళీ లేని రైలు కదలదు. స్టేషన్‌లో అరగంట ఆగిపోయిన రైలుపై విసుగుకొనే ప్రయాణికునికి అర్థం కాని సత్యం ఈ ఆటలో బోధపడుతుంది. ఆ నిరీక్షణ నిర్లక్ష్యం కాదు, ఎదుటి రైలులోని వారి ప్రాణాలకు ఇచ్చిన మన్నన.

రాని రైలు

మరి నాగర్‌కర్నూల్ విద్యార్థి దేనిని మూలంగా గ్రహించాలి? ఆ పట్టణానికి రైలు లేదు. వనపర్తి పేరుతో ఉన్న స్టేషన్ సైతం పట్టణంలో లేదు, దూరాన మదనాపురంలో ఉన్నది. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా తూర్పునకు మార్గం వేయవలెనన్న కోరిక దశాబ్దాల నాటిది. లేని దారికి నమూనా చేయవచ్చునా అంటే చేయవచ్చు. కాని దానిపై ‘ప్రతిపాదితం’ అని స్పష్టంగా వ్రాయాలి. ఉన్నదానిని ఉన్నట్లు, కోరినదానిని కోరినట్లు చూపడమే నమూనాకారుని నిజాయితీ.

అట్టి నమూనాలో నేల వాలు మొదట పరీక్ష పెడుతుంది. నూటికి ఒకటి వాలు అంటే నమూనాలో మీటరుకు ఒక సెంటీమీటరు. చెరువు అడ్డు వస్తే వంతెన కావాలి, గుట్ట అడ్డు వస్తే తొలవాలి. రెండింటినీ తప్పించితే దారి ఒక రైతు పొలం నడుమగా పోతుంది. ఆ పొలం ఎవరిది? అతనికి దక్కేదేమి? ప్లైవుడ్ పలకపై గీత గీచే చేయి ఈ ప్రశ్న వద్ద ఒక క్షణం ఆగుతుంది. రైలు కావాలని కోరడం సులభం. ఎక్కడినుంచి రావాలో ఆలోచించడం పౌరుని కర్తవ్యం. ఆ ఆలోచనను కలిగించగలిగితే, గోడవారనున్న ఆ చిన్న దారి ఆటవస్తువుగా మాత్రమే మిగిలిపోదు.

అర్థాలు

నిశితం = సూక్ష్మం, వాడియైనది
నిదర్శనం = ఉదాహరణ
విపణి = అంగడి, బజారు
కాలదోషం = ఒక కాలానికి చెందినదాన్ని మరొక కాలంలో చూపే తప్పు
అనౌచిత్యం = తగనితనం
కమానము = వంతెనలో రెండు స్తంభాల నడిమి భాగం
రజను = పొడి
మన్నన = గౌరవం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. నమూనా రైలుమార్గ నిర్మాణంలో స్థలం, కాలం, కొలతల ప్రాధాన్యాన్ని వివరించండి.
2. ‘సంఖ్యను తగ్గించవచ్చును గాని రూపాన్ని మార్చరాదు’ – పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. సంగమేశ్వరాలయ ఉదాహరణ ఈ పాఠానికి ఎట్లా సరిపోతుంది?
2. ప్లాట్‌ఫారం మీద నిలిచి భవనం పొడవును తెలుసుకొనే ఉపాయం ఏమిటి?
3. బాల్ టోకెన్ పద్ధతిని, ఇంటిలో దానిని ఆచరించే విధానాన్ని తెలపండి.
4. ప్రతిపాదిత మార్గానికి నమూనా చేసే విద్యార్థికి ఎదురయ్యే ప్రశ్నలేవి?

సంధులు

జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
పునర్నిర్మాణం = పునః + నిర్మాణం – విసర్గ సంధి

సమాసాలు

రెండు నదులు – రెండైన నదులు – ద్విగు సమాసం
రాకపోకలు – రాకయు, పోకయు – ద్వంద్వ సమాసం
ప్రాణాపాయం – ప్రాణమునకు అపాయం – షష్ఠీ తత్పురుష సమాసం

భాషాకార్యం

మీ ఊరికి దగ్గరలోని రైల్వేస్టేషన్‌ను గాని, బస్సు స్టేషన్‌ను గాని పరిశీలించి, అందులో నమూనాకు తప్పనిసరిగా తీసుకోవలసిన ఐదు అంశాలను, విడిచిపెట్టదగిన ఐదు అంశాలను కారణాలతో వ్రాయండి.