కొండదారి నడకలో అర్ధబలము లెక్క

వ్యాయామమును గూర్చి వాగ్భటాచార్యుడు అష్టాంగ హృదయములోని దినచర్యాధ్యాయమున ఒక హద్దు విధించెను. బలము గలిగి, స్నిగ్ధాహారము భుజించువారు శీతకాలమునందును, వసంతమునందును తమ శక్తిలో సగము మేరకు వ్యాయామము చేయవలెను. తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువగా చేయవలెను. మరి ఆ సగమును కొలుచుట యెట్లు? సుశ్రుతుడు దానికొక గుర్తు చెప్పెను. ఊపిరి నోటిద్వారా వెలువడ మొదలిడినప్పుడు బలములో సగము వ్యయమైనదని గ్రహింపవలెను. ఇంటిముందరి వీథిలో నడచువారికి ఈ సూత్రము సులభము. అలసినచోట వెనుదిరిగిన చాలును. కాని కొండచుట్టు తిరిగి బయలుదేరిన చోటికే చేరు అడవిదారిలో ఇది కొంత చిక్కు లెక్క.

పూర్వపు నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన రాచకొండనే తీసికొందము. ఇది 14వ శతాబ్దిలో రేచెర్ల పద్మనాయకుల రాజధాని. రసార్ణవసుధాకరమను అలంకారగ్రంథమును రచించిన సింగభూపాలుడు ఆ వంశమువాడే. పెద్ద పెద్ద రాళ్లను పేర్చి కట్టిన కోటగోడలు, గుండ్ల నడుమ పెరిగిన పొదలు, ఎండకాలమున ఆకు రాల్చు అడవి. ఎత్తు మరీ ఎక్కువ కాదు గనుక నగరమునుండి వచ్చువారు ఒకవైపు నెక్కి, మరియొకవైపు దిగి, గుట్టల మొదళ్లవెంట నడచి తిరిగి బండి నిలిపిన చోటికి చేరవలెనని తలచుదురు.

ఇట్టి చుట్టుదారిలో సగము నడచినపిదప ముందుకు పోయినను, వెనుకకు మరలినను దూరమొక్కటే. పైగా మిగిలిన సగము మొదటి సగమువంటిది కాదు. ఎండ ముదురును, నీరు తరుగును, దిగుడున శరీరభారము మోకాళ్లపై పడును. కావున మరలుటయా, సాగుటయా యను నిర్ణయము మూడవ వంతు దారిలోనే జరుగవలెను. నిటారు ఎక్కుడులో నోరు తెరచుట సహజమే. నీడన కూర్చుండి పది నిమిషములు విశ్రమించినను ఊపిరి నిమ్మళింపనిచో వచ్చిన దారినే దిగిపోవలెను. ఛాతీలో బిగువు, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, చల్లని చెమట కనిపించినచో నడక అక్కడితో ఆపి, రోగిని కూర్చుండబెట్టి ఆసుపత్రికి చేర్చు ఏర్పాటు చూడవలెను. అట్టివేళ అది అజీర్ణవాయువని వాము నమలుచు కూర్చుండరాదు.

మధుమేహరోగులు మరింత జాగ్రత్త వహింపవలెను. ఒక పర్యాయము మాతో వచ్చిన మిత్రుడు తెల్లవారుజామున మాత్ర వేసికొని, ఖాళీ కడుపుతో నడచుటయే మంచిదని ఫలాహారము మానివేసెను. గంట గడిచేసరికి చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడెను. సంచిలోని బెల్లపుముక్క తినిపించగా కోలుకొనెను. నిజమునకు ఆ బెల్లమును వేరొకరు చిరుతిండికై తెచ్చుకొనిరి! మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడువారు నడకనాటి మోతాదును ముందుగా వైద్యునితో నిర్ణయించుకొని, తీపిపదార్థమును జేబులోనే ఉంచుకొనవలెను.

ఇక ఋతువు. పూర్వపు మహబూబునగరు జిల్లా నల్లమలలోని సలేశ్వరమునకు చైత్రపౌర్ణమి సమయమున జనులు అడవిలో నడచిపోవుదురు. అక్కడ ముందు లోయలోనికి దిగుడు, అలసిన పిదప ఎక్కుడు. పంచాంగము ప్రకారము చైత్రము వసంతమే; కాని పాలమూరు ఎండకు పంచాంగముతో పని లేదు. ఆ దినములలో గ్రీష్మమునకు చెప్పిన నియమమునే పాటించుట యుక్తమని నా అభిప్రాయము. కార్తీక వనభోజనముల కాలము మొదలు మాఘము వరకు మన కొండలకు తగిన సమయము. అమ్రాబాదు పులుల అభయారణ్యములో మాత్రము అటవీశాఖ అనుమతి లేక కాలు మోపరాదు.

నీటిని ఇంటినుండియే తీసికొనిపోవలెను. నల్లగొండ ప్రాంతపు భూగర్భజలములలో ఫ్లోరైడు ఎక్కువని అందరెరిగినదే. ఒకనాడు త్రాగినంతమాత్రమున ఎముకలు వంగవు గాని, కాచిన నీరు సర్వదోషహరమను నమ్మకము ఇచ్చట చెల్లదు. కాచుటచే క్రిములు నశించునే గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, జొన్న అంబలి నడకకు ముందు మేలు. చెమట అధికమైనచో లీటరు శుభ్రజలములో ఆరు సమచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగవలెను.

రాళ్లసందులలోను, ఎండుటాకులలోను చిన్నపింజరి, రక్తపింజరి వంటి పాములుండును. కంటికి కనబడని చోట చేయి పెట్టరాదు. కాటు పడినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట, ఆకుపసరు పోయుట పనికిరావు. ఉంగరములు, కడియములు తీసి, కాటుపడిన అవయవము కదలకుండ కర్రకు కట్టి, విషమునకు విరుగుడు సూదిమందు లభించు ఆసుపత్రికి మోసికొని పోవలెను. మూలికావైద్యమును అభిమానించు మనవంటివారే ఈ మాట గట్టిగా చెప్పవలసియున్నది.

వ్యాయామానంతరము శరీరమును సుఖముగా మర్దించుకొనవలెనని వాగ్భటుడు చెప్పెను. ఇల్లు చేరి, చెమట ఆరినపిదప గోరువెచ్చని నువ్వులనూనెను పిక్కలకు, తొడలకు, అరికాళ్లకు పట్టించి, వావిలాకు వేసి కాచిన నీటితో స్నానము చేసినచో హాయి కలుగును. దిగుడువలన తొడలలో పుట్టు నొప్పి మరునాడును, మూడవనాడును హెచ్చి, తరువాత దానంతటదే తగ్గును. ఆ రెండు దినములు సమతలముపై మెల్లగా నడచుట మంచిది. నొప్పితోపాటు మూత్రము కాఫీ కషాయము రంగున వచ్చినచో అది కండరములు చెడి మూత్రపిండములకు హాని కలుగుచున్నదనుటకు గుర్తు కావచ్చును గనుక, నూనెలు, కషాయములు మాని అదేదినమున వైద్యుని చూడవలెను.