పాతదాన్ని చెడగొట్టకుండా కొత్తది తేవాలి

చి. మాధవికి బాబాయి ఆశీస్సులు.

డెబియన్‌లో ఒక పైథాన్ లైబ్రరీని ప్యాకేజీ చేసే పని తీసుకున్నానని రాశావు. చాలా సంతోషం. ఈ పనిలో మొదటి ధర్మం ఒకటుంది. కొత్త వెర్షన్ తెచ్చేటప్పుడు, పాతదాని మీద నడుస్తున్న ప్రోగ్రామ్ ఒక్కటి కూడా చెడకూడదు.

పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. ప్రింట్ రాసే పద్ధతి నుంచి అక్షరాలను, బైట్లను విడదీసి చూడటం దాకా ఎన్నో మారాయి కాబట్టి పాత కోడ్ దానిమీద ఉన్నదున్నట్టు నడవలేదు. పైథాన్ 2కి మద్దతు ముగిసింది 2020 జనవరి 1న. అందాకా ఏళ్ల తరబడి రెండూ ఒకే కంప్యూటర్లో ఇమడాల్సి వచ్చింది. డెబియన్‌లో పాతదాని లైబ్రరీల పేర్లు 'పైథాన్-' అనీ, కొత్తదానివి 'పైథాన్3-' అనీ మొదలయ్యేవి. ఫైళ్లకూ వేర్వేరు డైరెక్టరీలే. ఉత్త 'పైథాన్' అనే కమాండ్‌ను మాత్రం కొత్తదానికి తనంతట తాను కట్టబెట్టలేదు. కట్టబెట్టి ఉంటే, ఆ పేరును నమ్ముకున్న పాత స్క్రిప్టులు ఒక్క అప్‌డేట్‌తో ఆగిపోయేవి. కావలసినవాళ్లు ఇప్పటికీ అందుకు విడి ప్యాకేజీ వేసుకోవాలి. నీ స్క్రిప్టుల మొదటి వరుసలో 'పైథాన్3' అనే రాయి.

3లోనూ 3.11, 3.12 లాంటివి కొంతకాలం కలిసే ఉంటాయి. పైథాన్‌లోనే రాసిన ఫైళ్లను అవన్నీ ఒకే డైరెక్టరీ నుంచి చదువుకుంటాయి. 2011లో వచ్చిన 3.2 నుంచి కంపైలైన ఫైలు పేరులోనే వెర్షన్ ఉంటోంది కనుక ఒకదాని ఫైలును మరొకటి చెరిపేయదు. అయితే నీ లైబ్రరీలో సీ భాషలో రాసిన భాగాలుంటే, ప్రతి వెర్షన్‌కూ విడిగా బిల్డ్ చేసి, ప్రతిదానిమీదా టెస్టులు నడుపు. నీ దగ్గరున్న ఒక్క వెర్షన్‌తో సరిపెట్టుకోకు.

పాతదాన్ని తీసేసే రోజూ వస్తుంది. అప్పుడు నీ ప్యాకేజీ మీద ఆధారపడ్డవి ఏవేవో వెతికి, వాటిని చూసుకునేవాళ్లకు బగ్ రిపోర్టు రాయి. వీలైతే ప్యాచ్ కూడా జతచెయ్యి. పైథాన్ 2ను డెబియన్ పూర్తిగా వదిలింది 2023లో, 12వ విడుదలతో. వాడేవాళ్లకు అంత గడువు దొరికింది. నువ్వూ అంతే ఓపిక చూపించు.

పని మొదలుపెట్టే ముందు డెబియన్ పైథాన్ పాలసీ మొత్తం చదువు. మొదటి బిల్డ్ లాగ్ నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ బాబాయి