నమాజు వేళలు: రియాద్‌లోనూ, మన సిక్కోలులోనూ

అల్లాహ్ పేరుతో ప్రారంభం.



మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పని కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు వారిలో చాలామందికి ఒక సందేహం వస్తుంది. "అక్కడ అసర్ అజాన్ మూడున్నర ప్రాంతంలోనే అయిపోయేది, ఇక్కడ నాలుగు దాటినా కాదేం?" అని. ఊళ్లో ఉన్నవారికి ఇంకో సందేహం. "హైదరాబాదు పట్టికలో ఒక టైము ఉంది, మన మసీదులో ఇంకో టైము ఉంది. ఏది సరైనది?" అని. ఈ రెండు సందేహాలు తీరాలంటే నమాజు వేళలను ఎలా లెక్కిస్తారో తెలియాలి. ఆ సంగతి నేర్చుకోవడమే ఈ పాఠం.

వేళకు మూలం పొద్దు

నమాజు విశ్వాసులపై నిర్ణీత వేళల్లో విధి అని ఖుర్ఆన్ అన్నిసా సూరా 103వ ఆయతు తెలుపుతోంది. ప్రయాణంలోనూ, శత్రు భయం ఉన్నప్పుడూ నమాజు ఎలా చేయాలో చెప్పిన ఆయతుల వెంటనే ఈ మాట వస్తుంది. జిబ్రీల్ (అలై) రెండు రోజులపాటు దైవప్రవక్త (స) వారికి నమాజు చేయించి, మొదటి రోజు ప్రతి నమాజు వేళ మొదలును, రెండో రోజు దాని చివరను చూపించారని హదీసులు తెలుపుతున్నాయి.

ఆ వేళలకు గుర్తులన్నీ ఆకాశంలోనే ఉన్నాయి. తూర్పున అడ్డంగా తెల్లని వెలుగు పరచుకుంటే ఫజ్ర్. పొద్దు నడిమింట నుంచి పడమటికి వాలితే జుహ్ర్. నీడ ఒక లెక్కకు పెరిగితే అసర్. పొద్దు గుంకితే మగ్రిబ్. సంధ్య వెలుగు పూర్తిగా ఆరిపోతే ఇషా. గడియారం ఈ గుర్తులను మనకు సులువుగా చెప్పే సాధనం మాత్రమే. పూర్వం పెద్ద మసీదుల్లో ఈ లెక్క కట్టడానికి 'మువక్కిత్' అనే ఉద్యోగి ఉండేవాడు. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో మువక్కిత్‌గా పనిచేసిన ఇబ్న్ అష్షాతిర్ 14వ శతాబ్దపు గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఆ మసీదు మినారుకు ఆయన నీడ గడియారం తయారుచేశాడు.

గడియారం ఒక్కటే, పొద్దులు వేరు

దేశమంతటికీ గడియారం ఒక్కటే. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. సూర్యుడు మాత్రం గడియారాన్ని చూసి ఉదయించడు. ఒక్కో డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాల తేడా వస్తుంది. తూర్పున ఉన్న ఊరికి ముందు, పడమట ఉన్న ఊరికి తరువాత.

ఇప్పుడు లెక్క చూద్దాం. శ్రీకాకుళం సుమారు 83.9 డిగ్రీల దగ్గర, విజయనగరం 83.4 దగ్గర, హైదరాబాదు 78.5 దగ్గర ఉన్నాయి. అంటే హైదరాబాదు కంటే విజయనగరంలో సుమారు 20 నిమిషాలు, శ్రీకాకుళంలో సుమారు 22 నిమిషాలు ముందుగా పొద్దు పొడుస్తుంది, ముందుగానే గుంకుతుంది. ఇచ్ఛాపురంలో ఈ తేడా 25 నిమిషాల దాకా ఉంటుంది. ఉత్తర దక్షిణాల తేడా వల్ల ఋతువును బట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది.

సౌదీ అరేబియాలోనూ ఇదే సంగతి. దేశమంతా ఒకే గడియారం. కానీ తూర్పు తీరంలోని దమ్మామ్‌కూ, పడమటి తీరంలోని జిద్దాకూ మధ్య పొద్దులో 40 నిమిషాలకు పైగా తేడా ఉంటుంది. అందుకే అక్కడ ఏ నగరానికి ఆ నగరం పట్టిక వేరుగా ఉంటుంది. ఊళ్ల మధ్యే కాదు, ఒకే భవనంలోనూ తేడా రావచ్చు. దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా పై అంతస్తుల వారికి పొద్దు ఇంకా కనిపిస్తూ ఉంటుంది కాబట్టి, 80వ అంతస్తు పైన ఉన్నవారు రెండు నిమిషాలు, 150వ అంతస్తు పైన ఉన్నవారు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలని 2011 రంజాన్‌లో అక్కడి ఉలమాలు సూచించారు.

ఎడారి నగరంలో ఒక రోజు

రియాద్ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. పొద్దు లెక్కలో కూడా శ్రీకాకుళానికీ రియాద్‌కూ తేడా దాదాపు అంతే. అందువల్ల ఏడాది సగటున సూర్యుడు నడిమింటికి వచ్చే సమయం రియాద్ గడియారంలో 11:53, మన గడియారంలో 11:54. సిక్కోలులో ఈ సమయం నవంబరు మొదట్లో సుమారు 11:38కి జరుగుతుంది, ఫిబ్రవరి మధ్యలో 12:08కి వెళుతుంది. మనం సాయంత్రం ఆరింటికి ఇఫ్తార్ చేసే రోజుల్లో అక్కడ ఉన్న మన బిడ్డకు మూడున్నర. అది వారికి అసర్ వేళ.

తేడా పగటి పొడవులో కనిపిస్తుంది. రియాద్ మనకంటే ఉత్తరాన ఉంది. జూన్ చివర అక్కడ పగలు సుమారు 13 గంటల 40 నిమిషాలు, మనకు 13 గంటల 14 నిమిషాలు. డిసెంబరులో అక్కడ 10 గంటల 36 నిమిషాలు, మనకు 11 గంటల 2 నిమిషాలు. కాబట్టి ఎండాకాలపు రోజా అక్కడ పొడవు, చలికాలపు రోజా పొట్టి.

ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహ్ర్‌ను కాస్త చల్లబడేదాకా ఆలస్యం చేయమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు ఉంది. ఆ ఎడారి వేడిలో పనిచేసేవారికి ఆ మాటలోని కరుణ బాగా తెలుస్తుంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించడం నిషేధం. జుహ్ర్ వేళ ప్రవేశించే సమయానికే ఈ విరామం మొదలవుతుంది. కూలి మనిషి నీడకు చేరి, వుజూ చేసుకుని, తోటివారితో కలిసి నిలబడగలుగుతాడు.

అక్కడి ఊరి నడకంతా అజాన్‌తో ముడిపడి ఉంటుంది. దశాబ్దాలపాటు ప్రతి నమాజుకూ దుకాణాలు మూసేవారు. 2021 నుంచి తెరచి ఉంచుకునే వీలు కలిగింది. శుక్రవారం సెలవు. మలయాళీ, బెంగాలీ, ఈజిప్టు సోదరులు, మన తెలుగువారు ఒకే వరుసలో నిలబడతారు. అక్కడ వేళ తెలుసుకోవడానికి ఎవరూ కష్టపడనక్కరలేదు. నాలుగు వైపుల నుంచీ అజాన్ వినిపిస్తుంది. మన జిల్లాల్లో ముస్లిం ఇళ్లు తక్కువ. అజాన్ చెవిన పడని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వారికి గోడ మీది పట్టిక, చేతిలోని ఫోను తప్ప మరో ఆధారం లేదు. అందుకే ఆ పట్టిక సరిగా ఉండడం మనకు మరింత అవసరం.

అసర్‌లో గంట తేడా ఎందుకు?

నేల మీద 100 సెంటీమీటర్ల కర్ర నిలువుగా పాతండి. మిట్ట మధ్యాహ్నం దాని నీడను కొలవండి. ఆ నీడకు కర్ర పొడవు ఒక్కసారి కలిపినంత నీడ వస్తే అసర్ మొదలు అని షాఫియీ, మాలికీ, హంబలీ పండితుల మాట. సౌదీలో దీన్నే పాటిస్తారు. కర్ర పొడవు రెండుసార్లు కలపాలన్నది మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ విధానం. ఈ రెండింటికీ మధ్య సుమారు గంట తేడా వస్తుంది. రెండూ ప్రామాణిక మార్గాలే. ఇందులో వాదులాటకు చోటు లేదు.

మధ్యాహ్నపు నీడను కలపడం మరచిపోకూడదు. మే రెండో వారంలోనూ, జూలై చివరలోనూ సిక్కోలులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు కర్రకు నీడే ఉండదు. డిసెంబరు చివర మధ్యాహ్నపు నీడ సుమారు 89 సెంటీమీటర్లు ఉంటుంది. రియాద్‌లో సూర్యుడు నడినెత్తికి ఎప్పుడూ రాడు. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నపు నీడే 111 సెంటీమీటర్లు, అంటే కర్ర కంటే పొడవు. మదరసా పిల్లలచేత ఈ ప్రయోగం చేయిస్తే ఫిఖ్హ్, భూగోళం రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

ఫోనులో చూసుకోవలసినవి మూడు

మొదటిది ఊరు. ఊరు మారినా ఫోను పాత నగరాన్నే చూపిస్తూ ఉండవచ్చు. రెండోది లెక్క విధానం. సౌదీ 'ఉమ్ముల్ ఖురా' విధానంలో ఇషాను మగ్రిబ్ తరువాత 90 నిమిషాలకు, రంజాన్‌లో 120 నిమిషాలకు పెడతారు. మన దేశంలో ఎక్కువగా వాడే 'కరాచీ' విధానంలో సూర్యుడు దిగంతం కింద 18 డిగ్రీల దగ్గర ఉండే సమయాన్ని ఫజ్ర్‌కూ, ఇషాకూ లెక్కిస్తారు. మూడోది అసర్ ఎంపిక. అది హనఫీయా, కాదా అన్నది సరిచూసుకోవాలి. గల్ఫ్ నుంచి వచ్చిన ఫోనుల్లో ఈ మూడూ అక్కడి ప్రకారమే ఉండిపోవచ్చు.

రంజాన్‌లో 22 నిమిషాలు

ఈ తేడా నమాజు కంటే రోజాలో ఎక్కువ ప్రమాదం. హైదరాబాదులో సహరీ 5 గంటలకు ముగుస్తుందనుకోండి. సిక్కోలులో అది 4:38కే ముగిసింది. హైదరాబాదు పట్టిక చూసి 4:55కు నీళ్లు తాగినవారు ఫజ్ర్ వేళ ప్రవేశించాక తాగినట్టే. అలా జరిగి ఉంటే ఖజా సంగతి మీ ఇమామ్ సాహెబును అడిగి తెలుసుకోండి. సాయంత్రం హైదరాబాదు టీవీ అజాన్ కోసం ఆగేవారికి రోజా చెడదు, కానీ త్వరగా ఇఫ్తార్ చేసే సున్నత్ తప్పుతుంది.

దీనికి ఎదురు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన ఊరి పట్టికను వాట్సాప్‌లో హైదరాబాదులో చదువుకుంటున్న పిల్లలకు పంపితే, వారు పొద్దు గుంకకముందే ఇఫ్తార్ చేసే ప్రమాదం ఉంది. అందుకే పట్టిక పంపేటప్పుడు అది ఏ ఊరిదో తప్పక చూడండి.

మనం చేయగలిగింది

ప్రతి మసీదు తన ఊరి రేఖాంశం ప్రకారం పట్టిక వేయించుకోవాలి. ఏ ఊరిది, ఏ విధానంలో లెక్కించింది, అసర్ హనఫీయా కాదా అన్న మూడు సంగతులు దాని మీద అచ్చు వేయాలి. వేళ ప్రవేశించే సమయం ఒకటి, జమాఅత్ నిలబడే సమయం మరొకటి. రెండింటినీ వేరు వేరు గడుల్లో చూపాలి. ఇంట్లో నమాజు చేసుకునే స్త్రీలకు, నడవలేని పెద్దలకు మొదటిది కావాలి. దుకాణం నుంచి, ఆఫీసు నుంచి వచ్చేవారికి రెండోది కావాలి. ఉర్దూ చదవలేని ఇళ్ల కోసం తెలుగులోనూ వేయాలి. మసీదుకు దూరంగా ఉన్న పల్లెల్లోని ఇళ్లకు రంజాన్‌కు ముందే ఎవరో ఒకరు వెళ్లి ఈ పట్టిక ఇచ్చి రావాలి. ఖర్చు కొద్ది, మేలు పెద్దది.

రియాద్‌లో ఉన్న తమ్ముడు, హైదరాబాదులో ఉన్న కొడుకు, సిక్కోలులో ఉన్న తల్లి ఒకే సమయంలో సజ్దా చేయరు. ఎవరి పొద్దు వారిది. అందరి ముఖమూ మాత్రం ఒకే కాబా వైపు. అల్లాహ్ మన నమాజులను వాటి వేళల్లో నెరవేర్చే భాగ్యాన్నిచ్చుగాక, దూర దేశాల్లో కష్టపడుతున్న మన బిడ్డలను క్షేమంగా ఉంచుగాక. ఆమీన్.