అమ్మమ్మ ముక్కుపుడక ఎన్ని పిక్సెళ్ళు?

"ఏమే, ఇది బావుందే. రేపు దండెయ్యడానికి పనికొస్తుంది."

మా అక్క పెళ్ళి ఫొటోలు నా ఫోన్‌లో చూస్తూ అమ్మమ్మ అన్న మాట ఇది. అమ్మ కసిరింది, "శుభమా అని పెళ్ళి ఫొటోలు చూస్తుంటే ఆ మాటలేంటే" అని. అమ్మమ్మ వింటేగా! "తాతయ్య పోయినప్పుడు రేషన్ కార్డు ఫొటో పెద్దది చేయించారు. మనిషి పోలికే లేదు. నాకా గతి వద్దు. ఇప్పుడే కట్టించండి, నేనే చూసుకుంటా" అంది.

తలంబ్రాలప్పటి ఫొటో అది. మధ్యలో అక్కా బావా, కుడి పక్కన అమ్మమ్మ. నోరారా నవ్వుతోంది. ముక్కుపుడక మెరుస్తోంది, గడ్డం మీద పచ్చబొట్టు కనిపిస్తోంది, జుట్టులో ఒక తలంబ్రాల గింజ కూడా ఉంది. ఫొటో అంటే చాలు మొహం బిగించుకునే మనిషి, తెలియకుండా దొరికిపోయింది.

సరే, ఒక ప్రింటే కదా అనుకున్నా. ఆ ఒక్క ప్రింట్ కోసం పది రోజులు పట్టింది. ఈ పది రోజుల్లో నేను నేర్చుకున్నది మన క్లబ్ పత్రికలో రాద్దామనిపించింది. మనలో చాలామంది ఇళ్ళల్లో అక్కో అన్నయ్యో పెళ్ళికి రెడీగా ఉన్నారు కాబట్టి పనికొస్తుంది. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, తప్పులుంటే సర్దుకుపోండి.

ఫొటో ఎందుకు "పగులుతుంది"?

ఫోన్‌లో ఉన్న ఫొటో తీసుకుని తెనాలిలో ఒక కలర్ ల్యాబ్‌కి వెళ్ళా. పన్నెండు బై పద్ధెనిమిది కావాలన్నా. ల్యాబ్ అన్న ఫైల్ ఓపెన్ చేసి రెండు సెకన్లు చూసి, "ఇది పగిలిపోద్దమ్మా. ఒరిజినల్ తెచ్చుకో" అన్నాడు. ఫోన్‌లో ఇంత క్లియర్‌గా ఉంటే పగలడమేంటని నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నా.

లెక్క చాలా చిన్నది. ఫైల్‌లో ఉన్న పిక్సెళ్ళని కాగితం అంగుళాలతో భాగిస్తే, అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు వస్తాయో తెలుస్తుంది. చేతిలో పట్టుకుని దగ్గరగా చూసే ఆల్బమ్‌కి 300 దాకా ఉండాలంటారు. నాలుగడుగుల దూరం నుంచి చూసే గోడ ఫొటోకి 200 ఉన్నా బాగానే ఉంటుంది. 100 కన్నా తగ్గితే అంచులు మెట్లు మెట్లుగా, మొహం మసకగా కనిపిస్తుంది. ల్యాబ్ వాళ్ళ భాషలో "పగలడం" అంటే ఇదే.

నా దగ్గరున్నది వాట్సాప్‌లో వచ్చిన ఫొటో. 1600 బై 1067 పిక్సెళ్ళు. అది మొత్తం ఫ్రేమ్. అందులోంచి అమ్మమ్మని ఒక్కదాన్నే కత్తిరిస్తే మిగిలేది 533 బై 800. దాన్ని పన్నెండు అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి 44 పిక్సెళ్ళు. ల్యాబ్ అన్న రెండు సెకన్లలో చెప్పింది కరెక్టే.

ఫోన్‌లో బాగా ఎందుకు కనిపించిందంటే, ఫోన్ తెర వెడల్పు మూడంగుళాల లోపే. ఆ ఫొటో అక్కడికి సరిపోయింది. చిన్న గిన్నెలో నిండుగా కనిపించిన పాయసం పెద్ద బేసిన్‌లో పోస్తే అడుగంటినట్టు ఉంటుంది కదా, అలాగన్నమాట.

వాట్సాప్‌లో పిక్సెళ్ళు తగ్గడమే కాదు, జేపెగ్ కుదింపు కూడా మళ్ళీ ఇంకోసారి జరుగుతుంది. జేపెగ్ ఒక ఫొటోని 8 బై 8 పిక్సెళ్ళ గళ్ళుగా కోస్తుంది. ఒక్కో గడిలో మన కంటికి పెద్దగా తెలియని సన్నటి వివరాలని వదిలేస్తుంది. ఎంత వదిలేస్తే ఫైల్ అంత చిన్నది. అమ్మమ్మ జుట్టులో తలంబ్రాల గింజ, పుడకలో రాళ్ళు, ఇవన్నీ సన్నటి వివరాలే. ముందు పోయేవి అవే.

దొంగదారి పనిచేయలేదు

నేను సీఎస్ఈ కదా, ఆ గర్వంతో ఒక దొంగదారి పట్టా. ముందు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రిజల్యూషన్ అనే గడిలో 72 తీసేసి 300 అని కొట్టా. ఏమీ మారలేదు. ఆ నంబర్ ఫైల్ మీద అంటించిన చీటీ లాంటిది, ప్రింటర్‌కి చెప్పే మాట అంతే. చీటీ మారిస్తే డబ్బాలో పప్పు పెరగదు.

తర్వాత ఏఐతో ఫొటోని పెద్దది చేసే టూల్ ఒకటి వాడా. ఫొటో నాలుగు రెట్లయింది, అద్దంలా మెరిసిపోతోంది. పరిగెత్తుకెళ్ళి అమ్మమ్మకి చూపించా. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఎవరే ఈవిడ?" అంది.

అప్పుడు నేను సరిగ్గా చూశా. ముక్కుపుడకలో రాళ్ళు పోయి నున్నటి గుండ్రటి చుక్క అయింది. పచ్చబొట్టుని మచ్చ అనుకుని తుడిచేసింది. గింజ లేదు. బుగ్గ మీద ముడతలు ఉన్నాయి గానీ అవి అమ్మమ్మవి కావు. ఆలోచిస్తే తప్పు టూల్‌ది కాదు. అక్కడ లేని పిక్సెళ్ళని అది ఎక్కడినుంచి తెస్తుంది? తను నేర్చుకున్న లక్షల మొహాల్లోంచి ఊహించి నింపుతుంది. ఊరికే చూసుకోవడానికైతే పర్లేదు. గోడ మీద ఒక మనిషి గుర్తుగా ఉండాల్సిన ఫొటోకి ఊహ పనికిరాదు.

ఇక ఫొటోగ్రాఫర్ దగ్గరికి వెళ్ళక తప్పలేదు.

పాతికవేల మాట

నాన్న ఫోన్ చేశారు. "బాబూ, ఆ ఫొటోల రా డేటా మొత్తం ఇచ్చెయ్" అన్నారు. అవతల నుంచి, "రా డేటా ప్యాకేజీలో లేదు బాబాయ్ గారూ. కావాలంటే పాతికవేలు అవుద్ది" అని జవాబు. నాన్నకి కోపం వచ్చేసింది. "లక్షా పదివేలు తీసుకున్నాడు. మన పెళ్ళి, మన మొహాలు, మన డబ్బులు. మన ఫొటోలు మనకివ్వడానికి మళ్ళీ పాతికవేలా?" అని ఫోన్ పెట్టేశారు. రెండు రోజులు ఇంట్లో ఇదే గొడవ.

పాత వాట్సాప్ మెసేజ్‌లు వెతికితే కొటేషన్ దొరికింది. చివరి లైన్‌లో చిన్న అక్షరాలతో నిజంగానే ఉంది, రా డేటా ఇవ్వబడదు అని. అడ్వాన్స్ ఇచ్చిన రోజు మేమెవ్వరం ఆ లైన్ చదవలేదు. రెండు ఆల్బమ్‌లు, ఒక్కోదాంట్లో నలభై షీట్లు, డ్రోన్, ఎల్ఈడీ వాల్, ఇవే చూసుకున్నాం.

ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేక స్టూడియోలో ఆయన తీరిగ్గానే ఉన్నాడు. నేనే వెళ్ళా. గొడవకి కాదు, అర్థం చేసుకుందామని. అక్కడే అసలు సంగతి తెలిసింది. "రా" అనే ఒక్క మాటని నాన్న ఒక అర్థంలో అడిగారు, ఆయన ఇంకో అర్థంలో జవాబిచ్చాడు. ఒకే ఫొటోకి మూడు రకాల ఫైళ్ళు ఉంటాయి:

1. రా ఫైల్: కెమెరా సెన్సర్ పట్టుకున్నది పట్టుకున్నట్టు ఉంటుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటే, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లు. అందుకే దాంట్లో రంగులు, వెలుగు సరిచేయడం తేలిక. కానీ అది వండని బియ్యం. మామూలు ఫోన్‌లో సరిగ్గా తెరుచుకోదు, వేరే సాఫ్ట్‌వేర్ కావాలి, ఎడిట్ చేయడం రావాలి.

2. ఫుల్ సైజ్ జేపెగ్: రంగులు సరిచేసి, పిక్సెళ్ళు తగ్గించకుండా తీసిన ఫైల్. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే 6000 బై 4000. ల్యాబ్‌కి కావాల్సింది ఇది.

3. చిన్న సైజ్ జేపెగ్: ఫోన్‌లో చూసుకోవడానికి, స్టేటస్ పెట్టుకోవడానికి తగ్గించిన ఫైల్. మాకు వచ్చినవి ఇవి.

మాకు కావాల్సింది రెండోది. నాన్న అడిగింది మొదటిది. అయ్యగారికి అన్నం కావాలి, అడిగింది వడ్ల బస్తా.

డబ్బు దేనికి?

ఆయన వైపు నుంచి కూడా లెక్క చూశా. మా పెళ్ళిలో దాదాపు 4,200 ఫొటోలు తీశారు. ఒక్కో రా ఫైల్ 28 ఎంబీ వేసుకున్నా 118 జీబీ దాకా వస్తుంది. సీజన్‌లో ఇలాంటివి పాతిక పెళ్ళిళ్ళు అయితే మూడు టీబీ. డిస్క్ పోతే అని రెండు కాపీలు పెడితే ఆరు. వీడియో ఇంకా కలపలేదు. పైగా తీసినవన్నీ బాగుండవు. కళ్ళు మూసుకున్నవి, చీకటిగా వచ్చినవి, ఎవరో అడ్డొచ్చినవి అన్నీ రా డేటాలో ఉంటాయి. "అవి బయటికెళ్ళి ఎవరో రంగులు పాడుచేసి పెడితే, తీసింది ఫలానావాడని నా పేరే చెప్తారు కదమ్మా" అన్నాడు. ఈ మాట నాకు న్యాయంగానే అనిపించింది.

కానీ మన వైపు న్యాయం కూడా ఉంది. మన దేశ కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 17(బి) ఉంది. ఒకరు డబ్బిచ్చి తమ కోసం తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళే కాపీరైట్‌కి మొదటి యజమాని అంటుంది. ఇది తెలియగానే నాన్న "చూశావా!" అన్నారు. అయితే రెండు విషయాలు గమనించాలి. ఒకటి, "వేరే ఒప్పందం లేకపోతే" అన్న మాట. అంటే మనం చదవకుండా ఒప్పుకున్న చిన్న అక్షరాలకి విలువ ఉంది. రెండు, హక్కు ఎవరిది అనేది వేరు, ఏ సైజు ఫైల్ ఎప్పుడు ఇవ్వాలి అనేది వేరు. రెండోది మనం ముందే మాట్లాడుకుని రాసుకోవాల్సిన సంగతి.

అమెరికాలో పరిస్థితి దాదాపు తలకిందులు. అక్కడ మామూలుగా కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే. ప్రింట్ వేయించుకోవడానికి "ప్రింట్ రిలీజ్" అని అనుమతి కాగితం ఇస్తారు. అది లేకపోతే ల్యాబ్ ప్రింట్ చేయనని అనొచ్చు కూడా. అక్కడ పెళ్ళి చేసుకునే మన వాళ్ళు ఇక్కడి అలవాటుతో ఉంటే ఇబ్బంది పడతారు.

చివరికి ఎంతయింది?

నేను ఇలా అడిగా: "అన్నా, రా వద్దు. మేం నలభై ఫొటోలు ఎంచుకుంటాం. ఎడిట్ చేసిన ఫుల్ సైజ్ జేపెగ్‌లు ఇవ్వండి. ఎంతవుతుంది?"

ఆయన కాసేపు ఆలోచించి మూడువేలు అన్నాడు. ఫొటోకి 75 రూపాయలు. లెక్క ప్రకారం చూస్తే పాతికవేలకి 4,200 ఫొటోలంటే ఒక్కోటి ఆరు రూపాయలే, అదే చవక. కానీ ఆ చవకది మాకు తెరవడం కూడా రాదు.

బేరం ఆడబోతే ఆయన ఇంకో మాట అన్నాడు, "శ్రావణం ముహూర్తాలొస్తున్నాయి. వచ్చే నెలలో మీ పెళ్ళి డిస్క్ ఖాళీ చేసేద్దామనుకుంటున్నా." నాకు ఒళ్ళు జల్లుమంది. ఇంకో నెల పౌరుషానికి పోయి ఉంటే, పాతికవేలు కాదు, పాతిక లక్షలిచ్చినా ఆ నవ్వు మళ్ళీ రాదు. నోరు మూసుకుని మూడువేలు ఫోన్‌పే చేశా. మొదటే కొటేషన్‌లో అడిగి రాయించుకుని ఉంటే బహుశా అది కూడా ప్యాకేజీలోనే కలిసిపోయేది.

పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చా. ఈ ఫైల్‌లో అమ్మమ్మని కత్తిరిస్తే 2000 బై 3000 వచ్చింది. పన్నెండు బై పద్ధెనిమిదికి 166 పిక్సెళ్ళే, కొంచెం తక్కువ. పది బై పదిహేనుకి సరిగ్గా 200. అమ్మమ్మని రెండంగుళాలకి ఒప్పించి అదే వేయించాం. ఫ్రేముతో కలిపి 850.

పెళ్ళి మాట్లాడుకునేటప్పుడు అడగాల్సినవి

- ఫుల్ సైజ్ జేపెగ్‌లు ఇస్తారా? ఎన్ని? ఎడిట్ చేసినవా, చేయనివా? కొటేషన్‌లో "ఫుల్ సైజ్" అన్న మాట రాయించండి. "సాఫ్ట్ కాపీ" అన్న మాటకి ఏ సైజైనా అర్థం అవుతుంది.
- రా ఫైళ్ళు నిజంగా అవసరమా? ఎడిటింగ్ వచ్చినవాళ్ళు ఇంట్లో లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.
- ఎన్ని నెలలు దాచి ఉంచుతారు? ఆ తేదీ మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.
- ఫైళ్ళు ఎలా ఇస్తారు? హార్డ్ డిస్క్ మనది ఇస్తే తగ్గిస్తారేమో అడగండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు పిక్సెళ్ళు తగ్గవు.
- వచ్చిన రోజే ఒక ఫైల్ ప్రాపర్టీస్ ఓపెన్ చేసి పిక్సెళ్ళు చూడండి. వెంటనే రెండో చోట కాపీ పెట్టుకోండి.
- ఆఖరి విడత డబ్బు ఫైళ్ళు చూసుకున్నాక ఇచ్చేలా మాట్లాడుకోండి.

ఫ్రేము ఇంటికి తెచ్చిన రోజు అమ్మమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వేలితో తడుముతూ చూసింది. పుడకలో రాళ్ళు లెక్కపెట్టింది. పచ్చబొట్టు ఉందో లేదో చూసుకుంది. జుట్టులో గింజ చూసి, "ఇది అప్పుడే దులిపి ఉండాల్సింది" అని విసుక్కుంది.

"తీసెయ్యమంటావా? రెండు నిమిషాల పని" అన్నా.

"వద్దులే, ఉండనీ. మీ అక్క పెళ్ళిలో పడిందిగా" అంది.

ఫొటో ఇప్పుడు వాళ్ళ ఇంట్లో మంచం ఎదురుగా ఉంది. దండకి మేకు కూడా తనే కొట్టించుకుంది. ప్రస్తుతానికి ఆ మేకుకి ఆవిడ కళ్ళజోడు తగిలించుకుంటోంది.