ఇంటి ముందు ఎర్రాకుల మేపుల్ నాటుతున్నారా?

న్యూజెర్సీ, వర్జీనియా వైపు మనవాళ్లు సొంతిల్లు కొనుక్కోగానే వాకిట్లో పెట్టాలని ముచ్చటపడే చెట్లలో జపనీస్ మేపుల్ ఒకటి. మొక్క ఖరీదెక్కువ, ఎదుగుదల నెమ్మది. మొదటి రెండు మూడేళ్లు కనిపెట్టుకుని ఉంటే ఆ తర్వాత దాని మానాన అదే పెరుగుతుంది. నాటడానికి వసంతం మొదలు గానీ, సెప్టెంబర్, అక్టోబర్ నెలలు గానీ అనువైన కాలం.

1. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నుంచి నీడపడే చోటు చూడండి. ఇంటికి తూర్పు వైపైతే మరీ మంచిది. పడమటి ఎండలో నాటితే జులై వచ్చేసరికి ఆకుల అంచులు మాడిపోతాయి. 'బ్లడ్‌గుడ్' రకం కాస్త ఓర్చుకుంటుంది. 'క్రిమ్సన్ క్వీన్' లాంటి సన్నగా చీలిన ఆకుల రకాలు అంత ఎండ తట్టుకోలేవు. అలాగని పూర్తి నీడలో పెట్టినా ఎరుపు తగ్గి ఆకు పచ్చబడుతుంది.

2. వంగ, టమాటా, మిరప, బెండ పండించిన మడి ఖాళీగా ఉంది కదా అని అక్కడ పెట్టొద్దు. ఆ పంటలకు సోకే వెర్టిసిలియం అనే శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది, మేపుల్‌కూ సోకుతుంది. పచ్చగా ఉన్న చెట్టులో ఒక పక్క కొమ్మ ఉన్నట్టుండి వాడిపోతుంది. ఆ కొమ్మ కోసి చూస్తే చెక్కలో ముదురు చారలు కనిపిస్తాయి. దానికి మందు లేదు.

3. గునపం పట్టుకునే ముందు, కొన్ని రోజుల ముందుగానే 811కి ఫోన్ చేయండి. గ్యాస్ పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళతారు. డబ్బు తీసుకోరు.

4. అన్నిటికన్నా ముఖ్యం లోతు. కుండీలోంచి తీశాక పైమట్టిని వేళ్లతో మెల్లగా గీకండి. కాండం కిందికి దిగుతూ వెడల్పై, మొదటి వేళ్లు పక్కలకు విడిపోయే చోటు ఒకటి కనిపిస్తుంది. చాలాసార్లు నర్సరీలోనే అది రెండంగుళాల మట్టి కింద పడి ఉంటుంది. నాటాక ఆ చోటు నేలకు సమానంగానో, ఓ అంగుళం పైకో ఉండాలి. అందుకని గుంత వేరు ముద్ద ఎత్తుకు మించి తవ్వొద్దు. వెడల్పు మాత్రం రెండు మూడు రెట్లు ఉండాలి. బంకనేలైతే ఇంకొంచెం ఎత్తులో నాటినా తప్పులేదు. అరటికీ చెరుకుకూ మొదట్లోకి మట్టి ఎగదోయడం చూస్తూ పెరిగిన చేతులు మనవి, ఇక్కడా అదే పనికి దిగుతాయి. మేపుల్‌కు అది గిట్టదు. తడిమట్టిలో కప్పబడిన బెరడు కుళ్లుతుంది. కొన్ని వేళ్లు కాండం చుట్టూ తిరిగి, చెట్టు లావెక్కేకొద్దీ దాన్నే బిగించేస్తాయి. పైకి ఏమీ తెలియదు. ఏళ్ల తర్వాత ఒక వైపు ఎండడం మొదలయ్యాక తవ్వి చూసేసరికి చేయి దాటిపోతుంది.

5. కుండీ ఆకారంలో చుట్టలు తిరిగిన వేళ్లను విడదీయండి. రానివాటిని కత్తితో కోసేయండి, జాలిపడొద్దు.

6. తవ్విన మట్టినే గుంతలో పూడ్చండి. కంపోస్టు నింపితే వేళ్లు ఆ మెత్తటి చోటు దాటి బయటికి పోవడానికి బద్ధకిస్తాయి. మొదటి ఏడాది ఎరువు వద్దు. వేసవి చివర్లో నత్రజని అసలే వద్దు, అప్పుడొచ్చే లేతచిగురు చలికి మాడిపోతుంది.

7. పచ్చికకు కొట్టే స్ప్రింక్లర్ నీళ్లు దీనికి చాలవు. మట్టిలో రెండు కణుపుల లోతు వేలు దించి చూడండి. పొడిగా తగిలితే గొట్టాన్ని సన్నధారగా వదిలి, లోపలిదాకా తడపండి. రోజూ పైపైన చిలకరించడం కన్నా ఇదే మేలు.

8. మల్చ్ రెండు మూడు అంగుళాల మందం చాలు. కాండానికి తగలకుండా చుట్టూ జానెడు వదిలేయండి. ఈ దేశంలో తోటపనివాళ్లు మొదలు చుట్టూ గుట్టగా పోసిపోతారు, వీధంతా అలాగే ఉందని మీరూ ఒప్పుకోవద్దు.

9. చాలా రకాలు అంటుమొక్కలే. అంటు కింద నుంచి ఆకుపచ్చగా, వేరే తీరు ఆకులతో పిలకలొస్తే వెంటనే తుంచేయండి. వదిలేస్తే అసలు మొక్కను మింగేస్తాయి.

10. ఏప్రిల్‌లో చిగురేశాక రాత్రి మంచు పడుతుందని తెలిస్తే సాయంత్రమే పాత నూలు చీర కప్పి, పొద్దున్నే తీసేయండి. ప్లాస్టిక్ ఆకుకు తగిలితే అదీ దెబ్బే.

11. జులైలో జపాన్ బీటిల్స్ ఆకుల్ని జల్లెడ చేస్తాయి. పొద్దున్నే మందకొడిగా ఉంటాయి కాబట్టి సబ్బునీళ్ల గిన్నెలోకి దులిపేయండి. బజార్లో దొరికే ఎరబుట్టలు తగిలిస్తే పక్కింటివి కూడా మీ ఇంటికే వస్తాయి.

12. చలికాలంలో కుందేళ్లు, ఎలుకల్లాంటి వోల్స్ బెరడు కొరుకుతాయి. శరత్తులో మగ జింకలు కొమ్ములు రుద్దుతాయి. అందుకని అక్టోబర్‌కల్లా సన్నకళ్ల ఇనుప జాలీని కాండానికి తగలకుండా గుండ్రంగా పెట్టండి. కుందేళ్లకు రెండడుగుల ఎత్తు సరిపోతుంది. మంచు బాగా పేరుకునే ఊళ్లలో, జింకలు తిరిగే చోట అంతకన్నా ఎత్తుగా కట్టండి. గడ్డి కోసే ట్రిమ్మర్ తీగ కూడా బెరడును చీల్చేస్తుంది కాబట్టి, కోతకు వచ్చే మనిషికి ముందే చెప్పి ఉంచండి.