సూదిమందు కాదు, సూదే మందా?

మా అవ్వకు రెండు మోకాళ్ళూ అరిగాయి. పక్కింటావిడ ఆక్యుపంక్చర్ చేయించుకొని, "నాకు నయమైంది, నువ్వూ పో" అన్నది. అవ్వ నన్ను పిలిచి, "కాలేజీలో చదువుతున్నావు కదా, అది పని చేస్తుందో లేదో చూసి చెప్పవే" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆక్యుపంక్చర్ చైనా దేశపు పాత వైద్యం. సన్నని సూదులను ఒంటి మీద నిర్ణయించిన బిందువుల్లో గుచ్చి కొంతసేపు ఉంచుతారు. ఆ సూదుల్లో మందేమీ ఉండదు. 'చి' అనే ప్రాణశక్తి ఒంట్లో కొన్ని దారుల్లో పారుతుందనీ, బిందువుల దగ్గర గుచ్చితే అది సరి అవుతుందనీ ఆ వైద్యుల నమ్మకం.

పక్కింటావిడ అబద్ధం చెప్పలేదు. కానీ మోకాలి నొప్పి ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ. బాగా ఎక్కువైనప్పుడే మనం వైద్యుడి దగ్గరకు పరుగెత్తుతాం. ఆ తర్వాత అది దానంతట అదే కొంత తగ్గవచ్చు. తగ్గుతుందన్న ఆశ కూడా కొంత తగ్గిస్తుంది. అందుకే "నయమైంది" అని ఎవరన్నా "దేనితో పోలిస్తే?" అని అడగాలి.

జర్మనీ వైద్యులు ఇదే అడిగారు. మోకాలి అరుగుదల ఉన్న 1007 మందిని చీటీలు తీసినట్టు మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు అసలు బిందువుల్లో సూదులు. రెండో జట్టుకు ఉత్తుత్తి సూదులు, అంటే బిందువులు కాని చోట్ల, పైపైన గుచ్చినవి. మూడో జట్టుకు సూదులు లేవు, డాక్టరుతో మాట్లాడి రావడమే. ఆరు వారాల్లో అందరికీ పదేసి సార్లు. ఫిజియోథెరపీ, అవసరమైతే నొప్పి మాత్రలు మూడు జట్లకూ ఉన్నాయి.

ఫలితం 2006లో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి జట్టులో 53.1 శాతం మందికి, రెండో జట్టులో 51 శాతం మందికి, మూడో జట్టులో 29.1 శాతం మందికి బాగా తగ్గింది.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవచ్చు. మూడో జట్టుతో పోలిస్తే సూదులు గెలిచాయి. రెండో జట్టుతో పోలిస్తే, ఏ బిందువులో గుచ్చాలన్న శాస్త్రం పెద్దగా గెలవలేదు. ఇంకో సంగతి. మూడో జట్టువాళ్ళకు తమకు సూదులు పడలేదని తెలుసు. తగ్గిందా లేదా అన్నది రోగులు చెప్పిన జవాబులను బట్టే లెక్కకట్టారు. కాబట్టి ఆశ, నిరాశ కూడా ఆ అంకెల్లో కలిసి ఉండవచ్చు.

2012లో 29 పరిశోధనల్లోని దాదాపు 18,000 మంది వివరాలను కలిపి చూశారు. నడుము, మెడ, భుజం, మోకాలి నొప్పులు, తలనొప్పి అందులో ఉన్నాయి. ఉత్తుత్తి సూది కంటే అసలు సూదిదే పైచేయి అయింది, కానీ తేడా చిన్నది. సూదులే లేనివాళ్ళతో పోలిస్తే తేడా పెద్దది.

ఇదంతా అవ్వకు చెప్పాను. "నొప్పి తగ్గితే చాలు, బిందువు ఎక్కడుంటే నాకేమి?" అని నవ్వింది. ఆ మాట తీసిపారేసేది కాదు. జర్మనీలో కూడా 2007 నుంచి మోకాలి అరుగుదలకు, ఎన్నాళ్ళుగానో ఉన్న నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తోంది.

అయినా అవ్వ దగ్గర మూడు మాటలు తీసుకున్నాను. సూదులు కొత్తవి, ఒక్కసారి వాడి పారేసేవి కావాలి. తను వేసుకునే మాత్రల సంగతి ముందే చెప్పాలి. సూదులు వేయించుకుంటున్నానని షుగరు మాత్రలు మానకూడదు. నొప్పి తగ్గడం గురించి పరిశోధన చెప్పింది గానీ, అరిగిన మోకాలు మళ్ళీ పెరుగుతుందని గానీ, షుగరు పోతుందని గానీ చెప్పలేదు.