టీబీ విధుల్లో ఉన్నవారి శిక్షణ: తరచూ అడిగే ప్రశ్నలు

ఆశా కార్యకర్త టీబీ ఉందని చెప్పవచ్చా?

చెప్పకూడదు. నిర్ధారించాల్సింది డాక్టరు. అనుమానించడం మాత్రం ఆమె పనే. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పరీక్షకు పంపాలి.

డబ్బా ఇచ్చి తెమడ తెమ్మంటే సరిపోదా? దానికీ శిక్షణ కావాలా?

కావాలి. చాలామంది ఉమ్మి వేసి ఇచ్చేస్తారు. ఉమ్మిలో క్రిములు దొరక్కపోవచ్చు. అప్పుడు జబ్బున్న మనిషి ‘లేదు’ అన్న కాగితం పట్టుకుని ఇంటికి పోతాడు. అందుకే దగ్గరుండి చెప్పాలి. మంచినీళ్లతో నోరు పుక్కిలించమనాలి. రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, ఛాతీ లోపలి నుంచి దగ్గమనాలి. ఇదంతా ఆరుబయట, జనానికి దూరంగా జరగాలి. పేరు డబ్బా మీద రాయాలి, మూత మీద కాదు. మూతలు తారుమారైతే ఒకరి జబ్బు ఇంకొకరి పేరున నమోదవుతుంది. ఒక నమూనా అక్కడికక్కడే, ఇంకోటి పొద్దున లేవగానే తీయించాలి. ఇది గదిలో కూర్చోబెట్టి బొమ్మలు చూపిస్తే వచ్చే పని కాదు. శిక్షణలో ప్రతి ఒక్కరి చేతా చేయించి చూడాలి.

ప్రైవేటు డాక్టర్లకు, మందుల షాపులకు నిబంధనలు వర్తిస్తాయా?

వర్తిస్తాయి. 2012 మే నుంచి ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. 2018 మార్చి నోటిఫికేషన్ మందుల షాపులను కూడా ఇందులోకి తెచ్చింది. తెలియజేయనివారిపై శిక్షాస్మృతి కింద చర్యకూ వీలు కల్పించింది. ప్రధాన టీబీ మందులు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. అమ్మినప్పుడు రోగి పేరు, చీటీ రాసిన డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టరులో రాసి 3 ఏళ్లు ఉంచాలి.

రోగి మందులు మానేస్తే గట్టిగా మందలించాలా?

మందలిస్తే మళ్లీ మీ కంట పడడు. ఎందుకు మానాడో అడగండి. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే మనిషి హడలిపోతాడు. రెండో నెలకే ఒళ్లు తేలికపడి, జబ్బు పోయిందనుకునేవాళ్లూ ఉంటారు. మందులకు లొంగే టీబీకి సాధారణంగా 6 నెలలు వాడాలి. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వలస వెళ్తుంటే, టీబీ రోగుల నమోదుకు వాడే నిక్షయ్ పోర్టల్‌లో రోగి వివరాలు బదిలీ చేసి వెళ్లిన ఊళ్లో మందులు అందేలా చూడాలి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరకు పంపాలి.

పోషణ డబ్బు ఎంత? బ్యాంకు ఖాతా లేకపోతే?

2024 నవంబరు నుంచి చికిత్స కాలమంతా నెలకు 1,000 రూపాయలు. ఖాతా లేదని, డబ్బు పడలేదని మందులు ఆపడానికి వీల్లేదు. మందులు పూర్తిగా ఉచితం.

రోగి వివరాలు ఇరుగుపొరుగుకు చెప్పవచ్చా?

చెప్పకూడదు. వీధిలో నిలబడి ‘టీబీ బిళ్లలు తెచ్చా’ అని కేకేసినా చెప్పినట్టే. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ ఒక్క కేక ఎంత పని చేస్తుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. టీబీ రోగికి చేసే హెచ్ఐవీ పరీక్షకైతే 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం రోగి సమ్మతి తీసుకోవాలి, ఫలితం గోప్యంగా ఉంచాలి.

సిబ్బంది తమకోసం ఏం అడగాలి?

ఎన్95 మాస్కులు, గాలి ఆడే గది, దగ్గు మొదలైతే వెంటనే పరీక్ష. శిక్షణ ఇవ్వకుండా టీబీ పని అప్పగిస్తే జిల్లా టీబీ అధికారికి రాతపూర్వకంగా అడగండి. రోగులు, కుటుంబ సభ్యులు తమ సందేహాలకు 1800-11-6666కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.